బెజ్జం

రెండొందల పన్నెండు మెట్లు.
లెక్క చెప్పింది సువార్తమ్మ, నా ముందు ఎక్కుతూ.
"నూట నలభై దగ్గర ఆగు సారూ,
అక్కడ అందరూ ఆగుతారు."
ఆగాను.
ఆమె ఆగలేదు. నెత్తిన బిందె.

మొగల్రాజపురం కొండ. కింద గుహల దగ్గర
కుర్రాళ్ళు సెల్ఫీలు దిగుతున్నారు.
నా సంచిలో సుత్తి, భూతద్దం, దిక్సూచి,
ఆఫీసు ఇచ్చిన ఒక పట్టిక:
రాయి రకం. పగుళ్ళ దిశ. వాలు.
ప్రమాదం ఉందా, లేదా.

శ్రావణంలో మూడ్రోజుల ముసురు పట్టి
తెల్లారుజామున కొండ ఒక ముక్క వదిలింది.
అది రేకు చీల్చుకొచ్చి
సువార్తమ్మ ఇంటి మధ్యలో కూర్చుంది.
ఆ వేళకి ఆమె కింద నీళ్ళ వరసలో ఉంది.
మనవడు బిందెకి కాపలా.
"పంపు ఆలస్యమై బతికాం.
పుట్టి బుద్ధెరిగాక మునిసిపాలిటీకి
మొదటిసారి దండం పెట్టా."

రాయి ఇంకా అక్కడే ఉంది.
తీయాలంటే గోడ పడగొట్టాలి.
దాని వీపు మీద పప్పు డబ్బాలు,
ప్రభుదాసు అయిదో తరగతి పుస్తకాలు,
పల్లంలో ఉప్పు గిన్నె.
"అద్దె కట్టడు. పొమ్మందామా, వినడు."

ఒక అంచు మీద సుత్తి వేశాను.
లోపల ఎర్రటి గింజలు,
అప్పుడే ఒలిచిన దానిమ్మలా.
ప్రభుదాసు భూతద్దం లాక్కున్నాడు.
చెప్పకుండా ఉండలేని రోగం నాది, చెప్పాను:
ఇది ఒకప్పుడు బురద, బాబూ.
చేపలింకా పుట్టని సముద్రం అడుగున బురద.
దాని మీద ఇంకో బురద, ఇంకో యుగం,
పాతిక కిలోమీటర్ల లోతుకి దిగబడి
పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెలా ఉడికింది.
ఆ ఉడుకులో పుట్టినవే ఈ గింజలు.
నూట అరవై కోట్ల ఏళ్ళు.
పాత దొరల నివేదికల్లో దీని పేరు
బెజవాడ నైస్.

సువార్తమ్మ బియ్యం చెరుగుతోంది.
"రాయికి ఊరి పేరు పెట్టారా!
మా ఇంటికి డోరు నంబరే ఇవ్వలా."

ఇంకోటి కూడా చెప్పాను.
ఈ కొండకి తోబుట్టువు ఉంది, అంటార్కిటికాలో.
ఒకప్పుడు ఒకే నేల. తర్వాత చీలింది.
అది మంచు కింద పడింది,
ఇది రోహిణి కార్తె కింద.
"పంపకాల్లో మాకెప్పుడూ ఇంతే" అంది,
"చల్లటిది వాళ్ళకి పోయింది."

కాసేపు చేట చప్పుడే.
తర్వాత అదీ ఆగింది.
"అన్ని కోట్లు లెక్కేశావు గదా.
పైన ఇంకోటి వేలాడతంది, చూశావా?
ఈ వానలకి పడుద్దా, వచ్చే వానలకా?"

ఎక్కి చూశాను.
పగులులో నా అరచెయ్యి దూరింది.
లోపల ఒక సీతాఫలం మొక్క, చీమలు, తడి.
దూరంగా ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ నడుమ
కృష్ణ.
కొండకి బెజ్జం చేసుకుపోయింది గనక
బెజ్జంవాడ అంటారు ఊళ్ళో వాళ్ళు.
నది తొందరపడలేదు, ఇసుకతో రుద్దీ రుద్దీ
దారి చేసుకుందంటాయి మా పుస్తకాలు.
రెండు కథల్లోనూ ఓడింది కొండే.

దిగొచ్చి ఆమెకి ఏమీ చెప్పలేకపోయాను.
అన్ని కోట్ల ఏళ్ళు పలికిన నోట
ఒక్క వానాకాలం పలకలేదు.
ప్రమాదం ఉంది, అని రాశాను.
ఖాళీ చేయించాలి, ఆ గడిలో టిక్కు.
ఎక్కడికి, అనే గడి
ఆ కాగితంలో లేదు.

రేకు చిరుగుకి పాత ఫ్లెక్సీ కప్పారు.
దాని అంచు నుంచి మధ్యాహ్నం ఎండ
సన్నగా దిగి, నేను పగలగొట్టిన చోట పడింది.
గింజలు వెలిగాయి.
ప్రభుదాసు ఒక పెచ్చు ఏరి
జామెట్రీ బాక్సులో దాచుకున్నాడు.
సువార్తమ్మ గ్లాసు నిండా నీళ్ళిచ్చింది.
రెండొందల పన్నెండు మెట్లు ఎక్కిన నీళ్ళు.
సగమే తాగాను.

దిగుతూ నేనూ లెక్కపెట్టాను.
రెండొందల పదమూడు.
నమ్మక మళ్ళీ వెనక్కి ఎక్కి చూశాను.
అందులో ఒకటి కట్టిన మెట్టు కాదు.
ఎప్పుడో పైనుంచి పడిన రాయి,
పాదాలకి అరిగి
నున్నబడింది.