కంచె పక్కన మసక

క్లార్కెన్‌వెల్‌లో మూడో అంతస్తు, ఉత్తరం కిటికీ.
పొడుగాటి బల్లకు అటు నలుగురం, ఇటు నలుగురం,
ఒక్కొక్కరికి ఒక్కటే రంగు.
ఎరుపు డోర్కస్‌ది. వేటగాళ్ల కోట్లన్నీ
ఆమె చేతికిందే ఎర్రబడాలి.
గుర్రాలు ముసలి మిసెస్ టపిన్‌వి.
ఆకాశం తొమ్మిదేళ్ల జెమైమాది;
నీళ్లెక్కువ, నీలం తక్కువ,
చెయ్యి జారినా మబ్బనుకుంటారు.
నాకు కంచెలు.
డజను బొమ్మలకు నాలుగు పెన్నీలు.

కుంచె మొన పెదాలతో సవరించుకుంటాం.
పొద్దుగూకేసరికి డోర్కస్ నోరు విందు తిన్నట్టు ఎరుపు,
నా నాలుక గడ్డి మేసిన మేక నాలుక.
బల్ల దగ్గర నక్కను కళ్లారా చూసింది నేనొక్కదాన్నే.
నిజంగా ఇంత ఎర్రగా ఉంటుందా అని డోర్కస్ అడిగింది.
వానలో తడిసిన నక్క
వీధికుక్క కంటే బీదగా ఉంటుందన్నాను.
నమ్మలేదు.

ఈ వారం కొత్త పలక.
రాగి మీద ఆమ్లం కొరికిన లెస్టర్‌షైర్.
కింద మెలికల అక్షరాల్లో ఏముందో
చదువొచ్చిన మిసెస్ టపిన్ చెప్పింది:
దొరగారి పేరు, ఆయన గుర్రం పేరు,
ముందు పరిగెత్తే రెండు జాగిలాల పేర్లు.

గుర్రాలు నాలుగు కాళ్లూ చాచి గాల్లో తేలుతున్నాయి,
ఒక్క గిట్టకూ మన్నంటలేదు.
ఏ గుర్రమూ అలా పరిగెత్తదని
గుర్రపుసాలలో పేడెత్తే పిల్లాడికీ తెలుసు.
కానీ బొమ్మకు డబ్బిచ్చేది దొర,
ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

కుందేలంటే గుర్తొచ్చింది.
ఈ కంచె నాకు తెలుసు.
మా నాన్న ఆబ్నర్ స్కాథర్న్ నాటిన ముళ్లకంచె ఇది.
అంతకుముందు అక్కడ అందరి ఆవులూ మేసేవి.
ఎక్కడో కాగితం మీద సంతకాలు పడ్డాక
తన మేతబయలును తనకే మూసేసే పనికి
రోజుకు షిల్లింగున్నర ఇచ్చారు.
కొమ్మను సగం నరికి, సగం బతకనిచ్చి,
పక్కకు వాల్చి అల్లేవాడు.
సగం తెగిందే చిక్కగా చిగురిస్తుంది పిల్లా, అనేవాడు.

ఆ చలికాలం, తను అల్లిన కంచె సందులోనే
ఉచ్చు వేశాడు.
దొర పడితే వేట,
మా నాన్న పడితే ఓడెక్కించే నేరం.
తీర్పు చెప్పిన కుర్చీలో కూర్చున్న మనిషి
ఇదిగో, మూడో గుర్రం మీద, టోపీ ఎత్తి నవ్వుతున్నాడు.
కోటింకా తెల్లగానే ఉంది.
కాగితం డోర్కస్ దాకా వెళ్లలేదు.

పలకలు మోసే కుర్రాడు సైలస్ చెప్పాడు:
చిత్రకారుడి పెన్సిల్ గీతల్లో
గేటు పక్కన ఒక మనిషి ఉండేవాడట,
చేతిలో కొడవలి, నెత్తి మీద టోపీ, తియ్యకుండా.
రాగి మీదా చెక్కారట.
తొలి అచ్చు చూసి దొర, వీడెవడు,
చూపుకు అడ్డం, అన్నాడట.
ఉక్కుతో రుద్ది రుద్ది చదును చేశారు.
రుద్దినచోట రాగి రవ్వంత గుంటపడుతుంది,
గుంటలో సిరా నిలుస్తుంది, ఎంత తుడిచినా.
ప్రతి అచ్చులోనూ గేటు పక్కన
గోరంత బూడిదరంగు మసక.

మా నాన్నేనని అనను.
ఆ బొమ్మ గీసేనాటికి ఆయన సముద్రం మీద ఉన్నాడు.
ఇంకెవడో.
ఆ కంచెకు ఇంకో మనిషి దొరక్కపోతాడా.

దాని మీద ఆకులు వెయ్యి, పొదలా కనపడాలి,
అన్నాడు మేస్త్రీ గజ్‌లీ.
వేశాను. రెండు డజన్లు కిక్కురుమనకుండా వేశాను.
మూడో డజనులో, ఎందుకో చెప్పలేను,
ఆకులు చుట్టూ దిద్ది
ఆ గోరంత చోటు ముట్టకుండా జరిపేశాను.
మేస్త్రీ లెక్కపెట్టాడు గానీ చూడలేదు.
ఇవి కొన్నవాళ్లు భోజనాల గదిలో వేలాడదీస్తారు,
వాళ్లకు గుర్రాలు చాలు.

జెమైమా మాత్రం కాగితం అందుకుని ఆగింది.
"అక్కా, ఇక్కడ నా నీళ్లు గానీ పడ్డాయా?"
లేదు, నీ ఆకాశం నువ్వు వేసుకో,
వెలుతురు పోతోంది, అన్నాను.