కలుపుతున్నాను, ఉండండి

మా ఇంటి గోడలకి చెవులున్నాయి.
మా ఆయనకే లేవు.

అసేన్ ఇరవై ఆరేళ్ళు ఈ కొండ కడుపులో సీసం తవ్వాడు.
డ్రిల్లు మోత చెవుల్లో దూరి
పోతూ పోతూ కొంచెం కొంచెంగా
లోకాన్ని కూడా పట్టుకుపోయింది.
ఇప్పుడు అదే కొండ వీపు మీద,
బీచ్ చెట్ల మధ్య మా కాపురం.
"కిందున్నన్నాళ్ళూ నెత్తిన అడివుందని
ఒక్కసారీ తట్టలేదు ద్రగినా" అంటాడు,
చెవుడు నాకే అన్నట్టు గట్టిగా.

నాది స్మొల్యాన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ.
ముప్పై ఒక్క ఏళ్ళు
"కలుపుతున్నాను, ఉండండి."
ఈ రెండు మాటలకే జీతం.
పురుళ్ళు, చావులు, గొర్రెల బేరాలు,
ఒక్కోసారి ఇద్దరూ ఏమీ అనకుండా
అటూ ఇటూ పీల్చే ఊపిరి,
అన్నీ నా వేళ్ళ సందునే పోయాయి.
వినకూడదని రూలు.
విన్నాను.

పొద్దున లేస్తే అతనిది పొయ్యి,
నాది పెరుగు గిన్నె.
గుడ్డ తీసి చూస్తాను. తోడుకుంటే
ఆ రోజుకి సగం పని అయినట్టే.
తక్కిన సగం కట్టెలు.
బెరడు పైకి పేర్చాలంటాడు, వాన జారుతుందని.
కిందికి పేర్చాలంటాను, తడి దిగుతుందని.
పదకొండేళ్ళుగా తెగని తగువు.
మొన్న పై ఇంటి మెతోది తాత వచ్చి
కుప్ప చుట్టూ తిరిగి, ముక్కు చీది,
"ఎలా పేర్చినా మార్చికి అయిపోతాయి" అని
మా పుట్టగొడుగుల పచ్చడి సీసా
చంకన పెట్టుకుని పోయాడు.

పెన్షన్ రోజున పోస్టాఫీసుకి దిగుతాం.
దిగడానికి గంట.
ఎక్కడం మాత్రం
దారిలో ఎన్ని దుంగల మీద కూర్చున్నామో
దాన్ని బట్టి.
నూనె, అగ్గిపెట్టెలు, చెవి మిషనుకి బ్యాటరీలు.
మిషను అక్రోట్ల డబ్బాలో ఉంటుంది,
బ్యాటరీలు దాని పక్కన.
అది పెట్టుకుంటే
ఆకు రాలినా గనిలో ఉన్నట్టుంటుందట.
నేనూ బలవంతపెట్టను.
ఆ గనిలో అతనితో దిగి
పైకి రానివాళ్ళ పేర్లు నాకు తెలుసు.
ఆ కబుర్లూ నేనే కలిపాను, వాళ్ళ ఇళ్ళకి.

రాత్రి దీపం తీశాక మా చూరు లేస్తుంది.
కుచ్చుతోక ఎలుక ఒకటి, ఉడతకి చెల్లెల్లా ఉంటుంది,
అటక మీద అక్రోటు దొర్లించుకుంటూ
ఈ మూల నుంచి ఆ మూలకి.
నాకు నిద్ర పట్టదు.
అతను హాయిగా గురక.
ఒళ్ళు మండి ఒక రాత్రి అతన్ని లేపి
అరచెయ్యి లాక్కుని
దాని అడుగులు వేళ్ళతో కొట్టి చూపించాను.
టకటక టకటక. ఆగింది.
ఇదిగో, దొర్లింది. మళ్ళీ టకటక.

"ఎవరు?" అన్నాడు చీకట్లో.
ఎలుక అని రాశాను అరచేతిలో.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత "బరువు లాగుతోంది పాపం" అన్నాడు,
బరువు లాగినవాడు కదా.

అప్పట్నుంచి అదే అలవాటు.
దీపం తీయగానే చెయ్యి చాపుతాడు,
నేను లైను కలుపుతాను.

అక్టోబరు చివర మంచు పడింది.
ఆ జాతికి మే దాకా నిద్ర.
పైన చప్పుడు లేదు.
బయట కూడా లేదు, మంచు అంతా మింగేసింది.
చెయ్యి వచ్చింది దుప్పటి మీదుగా,
గొడ్డలి కాయలతో, వెల్లకిలా.

ఏం చెప్పను?
ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో
లేని కాల్ ఒక్కటి కలిపినదాన్ని కాదు.
టకటక టకటక అన్నాను.
ఆగాను.
దొర్లించాను.

కాసేపు విని,
"ఇవాళ రెండున్నట్టున్నాయే" అన్నాడు.