అణియం ఇటు

జువ్వలదిన్నెలో పడవలకి నంబర్లు రాసే పామంజి పోలయ్య
మిగిలిన రంగుతో సముద్రం వేసేవాడు
అట్టల మీద, విరిగిన ఐసుపెట్టె మూతల మీద.
నీలం ముట్టేవాడు కాదు.
"నీలం కొట్లో ఉండాది. పెన్న పొంగినాక వచ్చి చూడు,
టీ నీళ్లు."

ఆయన బొమ్మలకి మెప్పులు లేవు, తగువులే.
"ఈ గాలికి ఆ చాప అట్ట నిలవదు మామా."
"అల ఇక్కడ విరిగిందంటే కింద ఇసకమేట ఉన్నట్టే, ఏదీ?"
రాత్రికి రాత్రి టర్పెంటైన్ గుడ్డతో తుడిచి
గాలి మార్చేవాడు.

తుఫాను పోయిన పదకొండో నాడు
చెంగమ్మ వచ్చి, మా పడవ వెయ్యి, అంది.
నంబరు చెప్పబోయి ఆగింది.
ఆయన రాసిందేగా,
ఎరుపు, అంచుకి తెలుపు, చివరి ఏడు కాస్త వంకర.

వేశాడు,
నీళ్లంచు గీత మీద, మినపగింజంత.
అంత చిన్నదాని మీద నంబరు కనపడదు.
అయినా రాశాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని
చాలాసేపు చూసింది.
"అణియం అటుందే" అంది.

మూడు వెంట్రుకల కుంచెతో
మినపగింజంత పడవని
ఒడ్డు వైపు తిప్పేసరికి
పోలయ్యకి తెల్లారింది.