అడుగున

మా సంవత్సరం జూలైలో మొదలవుతుంది.
జనవరిలో మొదలుపెడదామంటే ఇక్కడ జనవరి ఎక్కడుంది,
మంచులో కూరుకుపోయి ఉంటుంది కదా.
సుపీరియర్ సరస్సు ఒడ్డున వెయ్యి గడప.
నలుగురం మనుషులం, మూడు బళ్లు,
అందులో ఒకటి ఎప్పుడూ మంచాన పడే ఉంటుంది.

జూలై: గుంతలు పూడ్చాం.
ఆగస్టు: అవే గుంతలు పూడ్చాం.
గుమాస్తా బెర్నీస్ ఇచ్చిన ఫారంలో
'అవే' అని రాయడానికి గడి లేదు.
సెప్టెంబరులో హైడ్రెంట్లన్నీ విప్పి నీళ్లు వదిలాం,
తుప్పు రంగు నీళ్లు.
మిసెస్ కోస్కెలా తెల్ల దుప్పట్లు ఉతుక్కునే రోజే
ఏటా చూసుకుని మరీ వదులుతామట.
ఆవిడ తిట్లు డెల్ఫీన్ ఫోన్లో దాచి
భోజనాల వేళ అందరికీ వినిపించింది.
అక్టోబరు: ఆకులు.
చెప్పడానికేం లేదు. ఆకులే.

నవంబరు పదిన మంచు పట్టుకుంది.
తెల్లారగట్ల మూడింటికి లేచి నెడతాం,
వెనక్కి తిరిగేసరికి నెట్టినచోట మళ్లీ మొలుస్తుంది.
మేం తీసిన దారి ఎవరికీ గుర్తుండదు,
వాళ్ల వాకిట్లోకి నెట్టిన గుట్ట మాత్రం
మనవల కాలం దాకా గుర్తుంటుంది.

ఫిబ్రవరి. సున్నాకి ఇరవై ఆరు కింద.
థర్డ్ స్ట్రీట్ నడిమధ్య రోడ్డుకి చెమట పట్టింది.
లోపల తొంభై ఏళ్ల పైపు పగిలింది.
వాల్వు కట్టేస్తే సగం ఊరికైనా నీళ్లు దక్కుతాయి.
మ్యాపులో వాల్వు ఉంది.
మ్యాపు చూపినచోట నాలుగడుగుల మంచు,
దాని కింద రాయైపోయిన నేల,
దాని కింద, రెండు గంటలు తవ్వాక, ఏమీ లేదు.

'ఓర్విల్‌ని అడుగుదాం' అంది డెల్ఫీన్.
ఓర్విల్ సారెలా. ముప్ఫై ఎనిమిదేళ్లు ఈ షెడ్డులోనే చేశాడు.
ఇప్పుడు వృద్ధుల ఆసుపత్రిలో
కూతుర్ని నర్సనుకుంటాడు,
నర్సుని వాళ్లమ్మ అనుకుంటాడు.
'ఆయన్నేం అడుగుతాం' అన్నాను.
అన్నాను గానీ వెళ్లాను.
రెండు కోట్లు తొడిగి ట్రక్కెక్కించాను.
దారంతా నన్ను మా నాన్న పేరుతో పిలిచాడు.
నేను దిద్దలేదు.

దిగి మమ్మల్ని చూడలేదు, మ్యాపు చూడలేదు.
చర్చి చివరి మెట్టుకి మడమ ఆనించి
నడిచాడు. పెదాలు కదులుతున్నాయి.
పద్దెనిమిది. ఎడమకి తిరిగి నాలుగు.
ఆగి, బూటుతో మంచుని తట్టాడు,
నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు.
అడుగున ఉన్నదాన్ని
అడుగులతోనే అడగాలని
అప్పుడు తెలిసింది నాకు.

వాల్వు అక్కడే ఉంది.
నలభై తిప్పుళ్లకి నీళ్లు ఆగాయి.
'ఈ కుర్రాడెవరు, బాగానే పనిచేస్తున్నాడే' అని
నా గురించి నన్నే అడిగాడు.

మార్చి చివర్లో పోయాడు.
ఇక్కడ చలికాలం పోయినవాళ్లు
నేల మెత్తబడేదాకా శ్మశానం గేటు పక్క
రాతిగదిలో ఆగాలి.
ఆ గది తాళంచెవి మా షెడ్డులోనే,
ఉప్పు లెక్కల పుస్తకం పైన మేకుకి వేలాడుతుంది.
ఏప్రిలంతా లెక్క రాసినప్పుడల్లా కంటపడింది.
గుంతలు తేలాయి. పూడ్చాం.

మే పద్నాలుగున పార దిగింది.
సమాధులు తవ్వేదీ మేమే, ఫారంలో దానికి గడి ఉంది.
మిషను వద్దంది డెల్ఫీన్. చేత్తోనే తవ్వాం.
నాలుగడుగుల లోతున ఖంగుమంటూ ఒక పాత పైపు,
ఏ మ్యాపులోనూ లేనిది, ఎప్పుడో ఎండిపోయింది.
'ఇది మనకి చెప్పలేదు ముసలాయన'
అని ఎర్లాండ్ నవ్వి,
ముక్కు చీదుకోడానికి అటు తిరిగాడు.

జూన్‌లో బెర్నీస్‌కి లెక్క అప్పగించాను.
వాల్వు మరమ్మతు: ఒకటి. సమాధులు: పదకొండు.
గుంతలు: 'అవే' అని రాసి, కొట్టేసి, నాలుగువందల పన్నెండు.
షెడ్డు కాపీ వెనక పేజీలో, పెన్సిలుతో,
చర్చి మెట్టు నుంచి పద్దెనిమిది, ఎడమకి నాలుగు.

ఓర్విల్‌వి పొడుగు కాళ్లు.
నేను నడిచి చూస్తే ఇరవై ఒకటి, అయిదు.
రెండూ రాసి ఉంచాను.