గడి

మూసాపేట మెట్రో స్తంభం పక్కన, మూడో అంతస్తు.
రాత్రి రెండున్నర.
తెర మీద వర్జీనియా వీలునామా, 1741.
థాక్‌స్టన్ దొరల వంశవృక్షం ఎక్కిస్తున్నాను,
పేజీకి పదకొండు రూపాయలు.
ఒహాయోలో ఎవరో ముసలాయన
ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటాడట.

పెద్దకొడుక్కి ఏటి ఒడ్డున నాలుగొందల ఎకరాలు.
నడిపి కొడుక్కి పిండిమర, చిన్నోడికి గుర్రమూ జీనూ.
కూతురు మార్జరీకి
ఈకల పరుపొకటి, ఇత్తడి కాగొకటి,
ఫీబీ అనే పిల్ల,
దానికి ఇకముందు పుట్టబోయే సంతానంతో సహా.

సిరా అక్కడేమీ చెదరలేదు.

ఫారంలో ఒక్కోదానికీ ఒక గడి:
పేరు, పుట్టుక, పెళ్లి, చావు.
ఫీబీని ఎందులో రాయాలని అడిగితే
"కుటుంబం వరకే, సామాను వద్దు" అన్నాడు ఇంతియాజ్.
అనేసి, తనే కాసేపు
నా తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

మా నాయినమ్మ తల్లి రాజవ్వ
కొత్త దొరసాని మేనా వెనక నడిచొచ్చింది,
ఆడబాపగా, తొమ్మిదేళ్లకి,
గంగాళాలతో, పట్టెమంచంతో పాటు.
ఏ ఊరినుంచో ఆమెకే గుర్తులేదు.
"గడిల పుట్టినోళ్లం బిడ్డా" అనేది నాయినమ్మ.
తండ్రి పేరడిగితే
పొయ్యిలో కట్టె ఎగదోసేది.

రిమార్కుల్లో కొట్టాను:
ఫీబీ. పిల్ల. వయసు రాయలేదు.
రెండొందల అక్షరాలు పడతాయందులో.
ఇంకా నూటడెబ్బై చిల్లర ఖాళీ.

కింద క్యాబ్‌వాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.