పునర్వసు పురుగులు

ఏటూరునాగారం నుంచి హన్మకొండ పోయే ఆఖరి బస్సులో
కండక్టరు నా సంచి దగ్గర ఆగి
గాలి పీల్చి, నవ్వాపుకొని అడిగిండు:
"మందా మేడం?"

మందే.
డెబ్బై పాళ్లు స్పిరిటు, ముప్పై పాళ్లు నీళ్లు.
అందులో నలభై మూడు సాలీళ్లు, ఒక జెర్రి, రెండు తేలుపిల్లలు,
తాడ్వాయి అడివిల రాలిన టేకాకుల కింద
నిన్న రాత్రి దాకా సంసారం చేసుకున్నవి.
సీసా ఎత్తి చూపిస్తే
పక్క సీటాయన చంటిపిల్లను అటు ఒడికి మార్చుకున్నడు.
కండక్టరు మాత్రం మిషను చంకలో పెట్టుకొని
వంగి, చాలాసేపు చూసిండు.
"వీటికి గూడ టికెట్ కొట్టాల్నా?"
కొట్టే ఉన్నది తమ్మీ.
ఒక్కోదాని పక్కన వేలుగోరంత కాగితం,
పెన్సిలు రాత. సిరా అయితే మందుల కరిగిపోతది.
ఎక్కడ ఎక్కిందో ఉంటది, తారీఖు ఉంటది.
పేరు దగ్గర, చానా వాటికి, ఖాళీ.

మన దిక్కు మందంటే మూడు.
జరానికొకటి, పొద్దుగూకినంకొకటి, పత్తిచేనుకొకటి.
మూడోదానికే ఇంటిపేరున్నది:
పురుగుల.
రాత్రిపూట పామును గూడ పురుగనే అంటరు,
పేరు పెట్టి పిలిస్తే వస్తదని.
పేరు పెట్టి పిలుచుడే నా కొలువు.

పోయినేడు నల్లబెల్లి దగ్గర ఒక చేను గెట్టు మీద
సాంబలక్ష్మి అడిగింది:
"పురుగును చూసుటానికి చదివినవా బిడ్డా, చంపుటానికా?"
చూసుటానికే అన్న.
చేతిల సీసా ఉన్నది.
ఆమె సీసా దిక్కు చూసి, నా దిక్కు చూసి,
ఏమనకుండ ఒక పత్తాకు తిప్పింది.
అడుగున గుడ్లసంచి మీద
ఎనిమిది కాళ్లూ పరుచుకొని కూసున్న తల్లి.
"ఇది నా కావలిమనిషి. పచ్చపురుగు పిల్లల్ని తింటది.
ఈ సాలు మీద మందు కొట్టొద్దని చెప్పిన.
మా ఆయన ఉన్నప్పుడు వినకపోయె."
అక్కడికే ఆపింది.
నేను అడగలే.
గెట్టు మీద మూతలేని డబ్బా ఒకటి బోర్లా పడి ఉన్నది,
దాని చుట్టు చీమ గూడ లేదు.

ఇయ్యాల పొద్దున గోవిందరావుపేట బడిల
పదకొండు భూతద్దాలు, యాభై రెండు మంది పిల్లలు.
ప్రొజెక్టరు మోసుకపోయిన. కరెంటు రాలే.
మంచిదే అయింది.
వరండాల రోకలిబండ ఒకటి నడుచుకుంట వచ్చింది.
కాళ్లు లెక్కపెట్టుండ్రి అన్న.
లెక్క తప్పిండ్రు, కొట్లాడిండ్రు, మళ్ల మొదలుపెట్టిండ్రు.
అది చుట్టచుట్టుకున్నది.
ఒక పురుగు ఎప్పుడు లేస్తదా అని
యాభై రెండు మంది మోకాళ్ల మీద ఊపిరి బిగబట్టుకొని!
నేను రాసే ఏ రిపోర్టుల
ఈ నిమిషానికి గడి లేదు.

అప్పుడు వచ్చింది ఈసం వెన్నెల, అయిదో తరగతి,
కంపాసు డబ్బా రెండు చేతులతో పట్టుకొని.
తెరిస్తే తడిమట్టి పరుపు, దాని మీద
ఎర్ర మఖమలు తునకలు అయిదు.
వేలు పెడితే కాళ్లు ముడుచుకొని చచ్చినట్టు పడుకున్నయి.
"ఆరుద్ర పురుగులు" అన్న, తెలిసినదాని లెక్క.
"ఆరుద్రల వానే లేదు కద మేడం.
కార్తె అంత ఎండే కొట్టె.
మొన్న పునర్వసుల పడ్డది, మొన్ననే వచ్చినయి.
ఇంక వీటిని పునర్వసు పురుగులు అనాల్నా?
మా తాత దోసిలి నిండ పట్టెటోడంట.
నేను ఊరంత తిరిగితే అయిదు."

పదహారేండ్లు చదివిన.
లాటిన్ పేర్లు నిద్రల గూడ చెప్తా.
నోట్లె ఒక్క మాట ఆడలే.

ములుగు దాటినం. బస్సు గుంతల పడి లేస్తున్నది.
పెన్సిలు తీసి, ఊగే మోకాలి మీద
వేలుగోరంత కాగితం పెట్టి రాస్తున్న,
అక్షరాలు వంకరపోతున్నయి:
ఎర్రవి, అయిదు. పునర్వసు, మూడో రోజు.
బడి ఎనక, వేపచెట్టు మొదట్ల.
పట్టింది ఈసం వెన్నెల.
ఇడిసిపెట్టింది గూడ ఆమెనే.
పేరు: అడగాలె.
సీసా: లేదు.