నాలుగో కుండ

నెల్లూరు కలెక్టరాఫీసు వెనక
రెండు తాళాల తలుపు, మా రికార్డు గది.
"అనుమతి లేనిదే లోనికి రారాదు"
ఆ రేకు బోర్డును ఇరవై ఏళ్లు నేనే తుడిచాను.
పోయిన శ్రావణంలో దాని మీదే మేకులు కొట్టి
కొత్తది తగిలించారు:
"ప్రజలకు ప్రవేశం కలదు. పది నుంచి అయిదు."
పాతది పీకమని ఉత్తర్వు రాలేదు.

లోపల ఎర్రగుడ్డ మూటల్లో ఊళ్లుంటాయి.
కనిగిరి మూట కనిగిరికి పోలేదు.
జిల్లా విడిపోయింది గానీ కాగితం విడిపోలేదు.
ఒంగోలు బస్సు దిగి వచ్చినవాళ్లు
వాళ్ల చెరువెంతో నన్నడుగుతారు.

నా పగ చెదలతో.
వేపాకు, కర్పూరం ఉండలు, మెత్తటి కుంచె.
పెన్నా పొంగిన ఏడు తడిసిన అడంగళ్లను
మొలగొలుకులు ఆరబోసినట్టు మేడ మీద ఆరబోసి
మబ్బు పట్టినప్పుడల్లా పరిగెత్తాం.

వచ్చేవాళ్లంతా గట్టు కోసమే వస్తారు.
అర సెంటు దగ్గర అన్నదమ్ములు
ఒకే బల్లకు అటొకడు ఇటొకడు కూచుని
ముత్తాత సంతకాన్ని చెరో వైపు లాగుతారు.

ఆ మంగళవారం వచ్చినామెకు గట్టు లేదు.
చెంబేటి పోలమ్మ, మైపాడు దాపు గుడిసెలు.
చెప్పులు గుమ్మం బయట విడిచింది.
"ఏసుకోమ్మా, ఇది గుడి కాదు" అన్నాను.
"మా తాత ఉండాడంట గదా ఈడ" అనింది.

మూడు రోజులు వెతికాను.
యానాది గుడిసెల లెక్క. సంవత్సరం పురుగు తినేసింది.
"చెంబేటి మాలకొండడు. వయస్సు సుమారు ముప్పై.
భూమి లేదు. పశువులు లేవు.
సొత్తు: వల ఒకటి, ఎలకబుట్ట ఒకటి, కుండలు మూడు."
కింద బొటనవేలి ముద్ర,
సిరా ఎక్కువై, చేప పొలుసులా.

మళ్లీ చదవమనింది. చదివాను.
మూడోసారి నడిమధ్యలో చెయ్యడ్డం పెట్టింది.

"మూడు కాదబ్బయా, నాలుగు.
నాలుగోది మా అవ్వ నెత్తిన ఉండింది.
నీళ్లకు పోయుండింది ఆ పొద్దు.
లెక్క రాసే ఆయన ఎండకు తాళలేక
ఆమె వచ్చిందాకా ఆగలా.
మా అవ్వ సచ్చిందాకా ఇదే మాట చెప్పేది."

ఆ పక్కనే "స్త్రీలు" అని ఒక గడి.
ఖాళీ.
అది నేను పైకి చదవలేదు.

దిద్దే అధికారం నాకు లేదమ్మా అన్నాను.
కలెక్టరుకూ లేదు.
పాత సిరా మీద కొత్త సిరా పడకూడదు, అదీ ఇక్కడి ధర్మం.
"దిద్దొద్దులే. యాడన్నా రాసుకో" అనింది.

ఉన్నది సందర్శకుల పుస్తకం ఒక్కటే.
పేరు, ఊరు, వచ్చిన పని, సంతకం, రిమార్కులు.
ఆమె వేలు అద్దింది.
రిమార్కుల్లో ఆమె చెప్పినట్టే రాశాను:
"నాలుగో కుండ నీళ్లకు పోయి ఉండినది.
మోసినామె పేరు చెంచి."

పోతా పోతా చెప్పులు చేత్తోనే పట్టుకుంది,
వరండా మెట్లు దిగిందాకా.

సందర్శకుల పుస్తకానికి ఆయుష్షు ఏడాది.
ఎల్.డిస్. ఆ తర్వాత తూకానికి పోతుంది,
వేరుశనక్కాయల పొట్లాలవుతుంది.
ఆ సాయంత్రం తాళం వెయ్యబోతూ
అట్ట మీది "ఎల్" కొట్టేసి "ఆర్" అని రాశాను.
ఆర్.డిస్ అంటే మా ఆఫీసు భాషలో శాశ్వతం.
పాత సిరా మీదే రాశాను.
ఆరిందాకా ఊదాను.

ఆడిటుకు ఇంకా ఎవరూ రాలేదు.